పాట శ్రుతిని ప్లేయర్‌లోనే మార్చుకోవడం: చాలాకాలం వాడాక

నేను వేణువు వాయిస్తాను. రికార్డింగ్ పెట్టుకుని దానితో పాటు వాయించడమే నా సాధనలో ఎక్కువ భాగం. వేణువు శ్రుతి దాని పొడవుతో, రంధ్రాలతో ఖాయమైపోతుంది. ఊదే తీరు మార్చి కొద్దిగా ఎక్కించవచ్చు, కొద్దిగా దించవచ్చు, అంతకు మించి కుదరదు. అందుకే పాటనే వాద్యం శ్రుతికి తెచ్చుకునే ఈ సదుపాయాన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇది లేని సాధన ఇప్పుడు ఊహించలేను. అయితే పైకి ఒకే స్లైడర్‌లా కనిపించినా, దీని వెనక రెండు వేర్వేరు పద్ధతులున్నాయి. ఏది ఎక్కడ వాడాలో తెలుసుకున్నాకే నాకు దీని విలువ పూర్తిగా అర్థమైంది.

మొదటి పద్ధతిలో వేగం, శ్రుతి రెండూ కలిసి మారతాయి. పాత టేపు నెమ్మదిగా తిరిగితే గొంతు దిగిపోయేది కదా, అదే. ఇందులో ధ్వని చాలా శుభ్రంగా ఉంటుంది. రెండో పద్ధతిలో వేగం కదలదు, శ్రుతి ఒక్కటే మారుతుంది. దానికోసం సాఫ్ట్‌వేర్ ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని, మార్చి, మళ్లీ ఒకదాని మీద ఒకటి పరిచి అతకాలి. ఆ అతుకులు వేణువు, వయొలిన్ లాంటి సాగే స్వరాల్లో దాదాపు తెలియవు. డ్రమ్ము దెబ్బలో, తీగ మీటిన క్షణంలో మాత్రం తెలుస్తాయి, పదును పోయి మెత్తబడతాయి. రెండు సెమీటోన్లు (పక్కపక్కనున్న రెండు స్వరస్థానాల మధ్య దూరం ఒక సెమీటోన్) దాటితే గాయకుల గొంతే మారిపోతుంది. గొంతు స్వభావాన్ని కాపాడే ‘ఫార్మాంట్’ ఆప్షన్ ఉంటే కొంత నయం, కానీ పూర్తి సహజత్వం రాదు.

నా మటుకు ఒక నియమం పెట్టుకున్నాను. రికార్డింగ్ వేగమే తప్పయితే మొదటి పద్ధతి. కళాకారులే వేరే శ్రుతిలో వాయించి ఉంటే రెండోది.

వేగం తప్పిన రికార్డింగులు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు) కాలపు రికార్డులన్నీ కచ్చితంగా 78 దగ్గరే చెక్కినవి కావు. క్యాసెట్టు నుంచి డిజిటల్‌లోకి ఎక్కించిన పాటల్లో యంత్రం 3 శాతం తేడాగా తిరిగితే చాలు, శ్రుతి అర సెమీటోన్ తప్పుతుంది. ఇంకోటుంది, చాలామంది గమనించరు: సెకనుకు 24 ఫ్రేముల సినిమాను పాల్ అనే పాత టీవీ పద్ధతి వీడియో కోసం 25 ఫ్రేములతో నడిపితే, శ్రుతిని విడిగా సరిచేయనప్పుడు, పాటలు సుమారు 71 సెంట్లు (సెంటు అంటే సెమీటోన్‌లో నూరో వంతు) పైకి వెళ్తాయి. అలాంటి పాటకు వేగాన్ని 0.96కి దించగానే శ్రుతి, నడక, గొంతు మూడూ ఒక్కసారే తమ చోటికి వస్తాయి. ఈ సదుపాయం నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆనందం ఇచ్చేది అక్కడే.

432 సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఈ స్లైడర్ దగ్గరికి దానికోసమే వస్తారు. వాద్యాల శ్రుతికి ఆధారంగా పెట్టుకునే ‘A’ స్వరం మామూలుగా 440 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, దాన్ని 432కి దించితే సంగీతం ప్రశాంతంగా ఉంటుందని కొందరి నమ్మకం. 440 నుంచి 432 హెర్ట్జ్‌కి అంటే దాదాపు 32 సెంట్లు, సెమీటోన్‌లో మూడో వంతు. వేగంతో కలిపి దించితే 5 నిమిషాల పాట అయిదున్నర సెకన్లు పెరుగుతుంది. పక్కపక్కనే పెట్టి వింటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. కొద్దిసేపు విన్నాక చెవి సర్దుకుంటుంది, తర్వాత నాకు ప్రత్యేకమైన ప్రశాంతత ఏదీ కనిపించలేదు. పైగా ‘432’ బటన్ నొక్కితే ప్లేయర్ చేసేది మూలం 440 అనుకుని ఆ నిష్పత్తిలో దించడం మాత్రమే. బరోక్ అనే పాత యూరోపియన్ సంగీతాన్ని 415 దగ్గర వాయించే బృందాలున్నాయి, వాళ్ల రికార్డింగ్ మీద ఆ బటన్ నొక్కితే అది 407కి పోతుంది. ఇష్టపడి వినేవాళ్లను కాదనను, కానీ మూలం ఎంతో ముందు చూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది సెంట్లలో మార్చే వీలు. నేను మొదట్లో వాడిన ఫోన్ యాప్‌లో సెమీటోన్ మెట్లే ఉండేవి, నా పనికి అది ఏమాత్రం చాలలేదు. ఇప్పుడు కంప్యూటర్‌లో ఎంపీవీ అనే ప్లేయర్‌ని, శ్రుతి మార్చే రబ్బర్ బ్యాండ్ అనే ఫిల్టర్‌తో వాడుతున్నాను. నిష్పత్తిని దశాంశాల్లో ఇవ్వవచ్చు, పాట నడుస్తుండగానే మార్చవచ్చు. మెనూలు వెతుక్కునే అలవాటున్నవాళ్లకు ఇది మొదట ఇబ్బందే, అన్నీ టైపు చేయాలి. ఏ ప్లేయర్ అయినా వాల్యూమ్‌ను ముందే 3 డెసిబెల్స్ తగ్గించుకోండి. శ్రుతి మార్చాక ధ్వని శిఖరాలు హద్దు దాటి, గట్టిగా రికార్డు చేసిన పాటలు చిట్లుతాయి.

ఎంత మార్చాలో తేల్చడానికి పాట చివర నిలబెట్టిన స్వరం పట్టుకుంటాను. అక్కడ శ్రుతి కొలిచే ట్యూనర్ ముల్లు నిలకడగా ఉంటుంది. గమకాల మధ్య కొలిస్తే ముల్లు ఒక్క చోట ఆగదు. వాద్యం కూడా కాసేపు ఊది వెచ్చబడ్డాకే కొలవాలి, చల్లగా ఉన్నప్పుడు వేణువు శ్రుతి కిందికి ఉంటుంది. తేలిన లెక్కను, ఏ పద్ధతో కూడా కలిపి, ఫైలు పేరు చివర రాసి పెట్టుకుంటాను. పాట పాటకూ ఆ లెక్కను గుర్తుంచుకునే ప్లేయర్ ఒకటి దొరికితే బాగుండును.