వాంకూవర్, ఏఎంఏ: మెడికల్ జర్నల్ రిఫరెన్సుల్లో ఏది ఎలా?

వాంకూవర్, ఏఎంఏ (అమెరికన్ మెడికల్ అసోసియేషన్ శైలి) రెండూ వైద్య వ్యాసాల్లో మూలాలు చూపే అంకెల పద్ధతులే. వ్యాసంలో ముందుగా వచ్చిన మూలం 1, తర్వాతది 2. అదే మూలం మళ్లీ వస్తే పాత అంకే. పోలిక ఇంత దగ్గర కాబట్టే ఒకదానికి బదులు ఇంకొకటి పంపేస్తుంటారు.

రచయితల పేర్ల దగ్గర తేడా పెద్దది. వాంకూవర్ పాటించే చాలా జర్నళ్లు 6 పేర్లిచ్చి, మిగిలినవాళ్లను ‘ఎట్ ఆల్’ (తదితరులు)తో సరిపెడతాయి. ఏఎంఏ 11వ కూర్పు ప్రకారం ఆరుగురి వరకు అందరినీ రాయాలి, ఏడుగురు, అంతకు మించితే ముగ్గురితో ఆపి ‘ఎట్ ఆల్’ రాయాలి. పేజీలు వాంకూవర్‌లో 401-6, ఏఎంఏలో 401-406. ఏఎంఏలో అంకె సూపర్‌స్క్రిప్ట్‌గా, కామాకూ ఫుల్‌స్టాప్‌కూ తర్వాత, కోలన్‌కూ సెమీకోలన్‌కూ ముందు వస్తుంది. వాంకూవర్‌లో బ్రాకెట్టా, సూపర్‌స్క్రిప్టా అన్నది జర్నల్ ఇష్టం. జర్నల్ పేరు కుదింపు మాత్రం రెండింటికీ ఎన్‌ఎల్‌ఎం (అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్) కేటలాగ్‌దే.

రిఫరెన్సులు నిర్వహించే సాఫ్ట్‌వేర్ జొటెరోలో శైలి మార్చడం ఒక్క క్లిక్కు. కానీ పట్టికల దగ్గర అది బోల్తా కొడుతుంది. పట్టికలో మాత్రమే ఉన్న మూలానికి, ఆ పట్టిక ప్రస్తావన వ్యాసంలో మొదట వచ్చిన చోటును బట్టి అంకె పడాలి. పట్టికలు ఫైలు చివర ఉంటే సాఫ్ట్‌వేర్ చివరి అంకెలు వేస్తుంది.

మన పేర్లతో ఇంకో చిక్కు: చివర రావు, రెడ్డి ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్నే ఇంటిపేరుగా తీసుకుంటుంది. వైద్య వ్యాసాల డేటాబేస్ పబ్‌మెడ్‌లోని రికార్డుతో సరిచూడండి.

ఏ జర్నల్‌కు పంపాలో తేలకపోతే ఫీల్డులు (ఫైల్లో జొటెరోతో ముడిపడి ఉండే రిఫరెన్సు లింకులు) తీసేయకుండా ఏఎంఏలో ఉంచడమే మేలు.