రాడ్ బ్రేకుల నల్ల సైకిల్: పదేళ్లు దాటాక నా మాట

కోనసీమలో తొక్కేవాళ్లకి గేర్లు అక్కర్లేదు. 22 అంగుళాల ఫ్రేము, రాడ్ బ్రేకులు ఉన్న నల్ల సైకిల్ మీద ఇన్నేళ్లు కాలవగట్లన్నీ తిరిగాక చెబుతున్న మాట ఇది. ఇక్కడ నేలంతా చదును. నా సైకిల్‌కి పెడళ్ల దగ్గర గొలుసు తిరిగే పళ్ల చక్రంలో 44 పళ్లు, వెనక చక్రానికుండే పళ్ల బిళ్ల, అంటే ఫ్రీవీలులో 18. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే బండి ఐదు మీటర్లు దాటి పోతుంది. అమలాపురం నుంచి ముక్తేశ్వరం రేవు దాకా తొక్కి, సైకిల్‌ని పంటు ఎక్కించి, గోదావరి దాటి కోటిపల్లిలో దిగినా కాళ్లకి అలుపు తెలియదు.

గతుకుల్లో దీని సుఖం వేరు. 28 అంగుళాల పెద్ద చక్రాలు, స్ప్రింగుల సీటు, ముందుకి వాలిన ఫోర్కు కలిసి దెబ్బని సగం మింగేస్తాయి. నిటారుగా కూర్చుంటాం కాబట్టి నడుం పట్టదు. మా తమ్ముడి గేరు సైకిల్ మీద అదే గట్టున వెళ్తే నాకు మణికట్లు లాగుతాయి. వేగం మాత్రం వాడిదే, అందులో సందేహం లేదు.

బరువు ఇరవై కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. యానాం–ఎదుర్లంక వంతెన మీద ఎదురుగాలి కూడా తోడైతే నేను దిగి నడిపిస్తాను.

ఇక బ్రేకులు. కొనేముందు అందరూ అడగాల్సింది వీటి గురించే. హ్యాండిల్ కింది రాడ్లు లాగితే రబ్బర్లు పైకి లేచి రిమ్ము లోపలి అంచుని పట్టుకుంటాయి. ఎండలో ఏ ఇబ్బందీ లేదు. వానలో స్టీలు రిమ్ము తడిస్తే మాత్రం రబ్బరు జారుతుంది. చక్రం కొన్ని చుట్లు తిరిగి ఆ తడి తుడుచుకుపోయాకే పట్టు దొరుకుతుంది. అందుకే వానలో మలుపు ఇంకా దూరం ఉండగానే బ్రేకు మెల్లగా నొక్కి ఉంచుతాను. పిల్లల్ని ఎక్కించుకుని వానలో వెళ్లేవాళ్లకి ఈ బ్రేకులు నేను సిఫారసు చేయను. వీల్‌లో కొద్దిపాటి బెండు ఉన్నా రబ్బరు ఒకచోట రాసుకుంటుంది, వెంటనే తీయించాలి. కేబుల్లా పుటుక్కున తెగిపోతుందన్న టెన్షన్ మాత్రం లేదు. జాయింట్ల దగ్గర నట్లు వదులవకుండా చూసుకుంటే చాలు.

పెడల్ తిరిగినప్పుడల్లా ఒకేచోట 'టక్' మంటే అది కాటర్ పిన్ను, అంటే పెడల్ చేతిని (క్రాంకుని) ఇరుసుకి బిగించే మేకు. దాన్ని వదిలేసి తొక్కితే క్రాంకు బొక్క కూడా అరిగి ఖర్చు పెరుగుతుంది. గాలి ఊరికే దిగిపోతుంటే ట్యూబు పంక్చర్ అని కంగారు పడకుండా ముందు వాల్వ్ మీది చిన్న రబ్బరు గొట్టం మార్చి చూడండి. సముద్రపు గాలికి రిమ్ములు మచ్చలు పడతాయి. వారానికోసారి కుట్టుమిషను నూనె గుడ్డతో తుడుస్తాను. వానాకాలం అయ్యాక ఓవరాలింగ్ తప్పనిసరి. బేరింగుల్లోకి నీరు చేరితే గ్రీజు పాడవుతుంది.

టైరుకి రాసుకుని తిరిగే డైనమో తీసేశాను. మెల్లగా వెళ్తే వెలుగు సన్నగిల్లుతుంది, తొక్కుడూ బరువవుతుంది. బ్యాటరీ ఎల్‌ఈడీ లైటు నయం.

నాకు దీని మీద ఇంత ప్రేమ ఎందుకంటే, ఇందులో విప్పలేని భాగం లేదు. వందేళ్ల కిందటి ఇంగ్లాండు రోడ్‌స్టర్ సైకిళ్ల కొలతలే చాలామటుకు ఇంకా నడుస్తున్నాయి. అందుకే లూధియానా నుంచి వచ్చే సామాను దాదాపు ఏ కంపెనీ బండికైనా సరిపోతుంది, ఊళ్లో మేస్త్రీ దగ్గరే దొరుకుతుంది. అయితే నాణ్యత చూసి కొనాలి. ఒక దుకాణంలో కొన్న ఫ్రీవీలు ఒక్క వానాకాలం కూడా నిలవలేదు, ఎక్కడపడితే అక్కడ జారేది. అప్పటినుంచి చేత్తో తిప్పి, చుట్టంతా ఒకేలా మోగుతోందో లేదో విన్నాకే డబ్బులిస్తున్నాను.

విశాఖ లాంటి ఎత్తుపల్లాల ఊరికి ఇది పనికిరాదు. డెల్టాలో రోజూ ఐదారు కిలోమీటర్లు పనికి వెళ్లేవాళ్లకి, కెరియర్ మీద బస్తా వేసుకునేవాళ్లకి ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. నడ్డి కర్రకి (సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే పై గొట్టానికి) అటూ ఇటూ కాళ్లు నేలకి ఆనించి నిలబడి చూసి ఫ్రేము ఎంచుకోండి. పొడుగువాళ్లకి 24 అంగుళాలది ఉంది. పాతది కొంటుంటే ముందు ఫ్రేము అతుకుల దగ్గర తుప్పు, ఫోర్కు వంపు చూడండి. మిగతావన్నీ మార్చుకోవచ్చు గానీ, ఫ్రేము వంగిన బండి ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.