కబడ్డీ జెర్సీలకి కనిత్ బ్లాక్ ఇటాలిక్ వాడి చూశా

మా ఊరి కబడ్డీ టీమ్ జెర్సీల కోసం ఫాంట్ వెతుకుతుంటే కనిత్ దొరికింది, బ్యాంకాక్‌లోని కాడ్సన్ డెమాక్ అనే ఫాంట్ కంపెనీ వాళ్ళు చేసింది, గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ, ఓపెన్ లైసెన్స్ కాబట్టి కమర్షియల్‌గా వాడినా ఇబ్బంది లేదు. 9 వెయిట్లు (అక్షరాల మందాలు), ఒక్కోదానికి ఇటాలిక్ (వాలు రూపం), మొత్తం 18 స్టైల్స్. నేను వాడింది మాత్రం అన్నిటికన్నా మందమైన బ్లాక్ ఇటాలిక్ ఒక్కటే. ఇంగ్లీష్‌లో టీమ్ పేరు టైప్ చేయగానే అక్షరాలు ముందుకి దూకుతున్నట్టు అనిపించింది, నాకైతే భలే నచ్చేసింది. వీపు మీద నంబర్లు గ్యాలరీ చివర్నుంచి కూడా క్లియర్‌గా కనపడ్డాయి.

కానీ చిన్న సైజులో పెట్టకండి, స్పాన్సర్ పేరు చేతి మీద చిన్నగా వేస్తే అక్షరాల్లో ఖాళీలు పూడిపోయి ముద్దలా వచ్చింది, అక్కడ మీడియం వెయిట్ చాలు.

అసలు బాధ ఏంటంటే ఇందులో తెలుగు లేదు, థాయ్, లాటిన్ లిపులే ఉన్నాయి. ఊరి పేరు తెలుగులోనే ఉండాలని నా పట్టుదల, అందుకే అనెక్ తెలుగు అనే ఫాంట్ లో ఎక్స్‌ట్రాబోల్డ్ తీసుకుని, దానికి ఇటాలిక్ లేదు కాబట్టి నేనే 10 డిగ్రీలు వంచా. తలకట్టు బానే ఉంది గానీ వత్తులు పక్కకి జరిగినట్టు కనిపిస్తే ఒక్కోటీ చేత్తో సర్దాల్సొచ్చింది, ఓ సాయంత్రం మొత్తం పట్టింది. మన లిపికి ఇలాంటి వాలు ఫాంట్ ఎవరైనా శ్రద్ధగా చేస్తే డబ్బులిచ్చి మరీ కొంటా.

ప్రింటింగ్‌కి పంపేముందు టెక్స్ట్‌ని కర్వ్స్‌లోకి మార్చడం (అంటే అక్షరాల్ని ఆకారాలుగా చేయడం) మర్చిపోకండి.