గప్పీ ట్యాంకులో వేగంగా పెరిగే మొక్కలు: మూడేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, మొక్కలు పెడితే ట్యాంకు పని తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నీళ్లు మార్చే పని తగ్గుతుంది, కత్తెర పని పెరుగుతుంది. నాకైతే కత్తెర పనే హాయి.

నాది గప్పీ చేపలున్న 60 లీటర్ల ట్యాంకు, స్పాంజ్ ఫిల్టర్, మామూలు ఎల్‌ఈడీ లైటు. మొదట్లో అన్నీ ప్లాస్టిక్ మొక్కలే. ఆడ గప్పీ పిల్లలు పెట్టిన మర్నాటికి ఒక్కటీ మిగిలేది కాదు, పెద్దవి తినేసేవి. ఆ పిల్లలు దాక్కోవడానికే హార్న్‌వర్ట్ అనే నీటి మొక్క తెచ్చాను.

దీనికి వేర్లుండవు, నాటక్కర్లేదు. కట్టలా తెచ్చి నీళ్లలో వదిలేయడమే. కానీ కొత్త నీళ్లకు అలవాటుపడే మొదటి పది రోజులు నన్ను ఏడిపించింది. సూదుల్లాంటి ఆకులన్నీ రాల్చేసింది, అవి పోయి స్పాంజికి అట్టలా పట్టుకున్నాయి. ఇక పారేద్దామని చేతిలోకి తీసుకుంటే కొసన మూడంగుళాలు మాత్రం పచ్చగా, గట్టిగా ఉంది. ఆ ముక్క ఒక్కటే ఉంచాను. ఇప్పుడు ట్యాంకులో ఉన్నదంతా దాని సంతానమే.

విడిగా ఎరువు వేయలేదు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టలేదు. చేపలు తిని వదిలేదే దానికి ఎరువు. వాటి వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను మొక్క నేరుగా పీల్చుకుంటుంది. ఆ అమ్మోనియా చివరికి మారే నైట్రేట్, నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్‌లో వారాంతానికి 40 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) చూపించేది, ఇప్పుడు 10 దాటడం లేదు. గప్పీలకు నచ్చే కాస్త గట్టి (ఖనిజాలు ఎక్కువున్న) నీళ్లు దీనికీ సరిపోతాయి.

తప్పులు నావీ ఉన్నాయి. ఒకసారి చిక్కగా పెరిగిందని ముప్పావు వంతు ఒకేసారి కత్తిరించేశా. రెండు వారాల్లో అద్దాల నిండా నాచు. మొక్క తినాల్సిన తిండి దానికి దొరికింది మరి. అప్పటినుంచి ఏ వారమూ మూడో వంతుకు మించి కోయను. ఇంకోసారి అసలు కోయకుండా నెల రోజులు వదిలేశా, ఫిల్టర్ గాలి పంపు ఆగిపోయిన సంగతీ చూసుకోలేదు. పొద్దున్నే చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. లైటు ఆరాక మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయని ఆ పొద్దున బాగా ఒంటబట్టింది.

వాటర్ విస్టీరియా అనే ఇంకో మొక్క కూడా పెట్టాను. తెచ్చినప్పుడున్న వెడల్పాటి ఆకులు కుళ్లిపోతే చచ్చిందనుకున్నా. గాల్లో పెరిగిన ఆకులు నీళ్లలో నిలవవట. తర్వాత కొత్తిమీరలా చీలికలు చీలికలుగా కొత్త ఆకులొచ్చాయి, చూడ్డానికి హార్న్‌వర్ట్ కంటే అందం. పొడుగాటి గడ్డిలా ఉండే వాలిస్‌నేరియా మొక్కను మాత్రం, కార్బన్ డయాక్సైడ్‌కు బదులని అమ్మే ద్రవ కార్బన్ మందు పోసి నా చేతులారా కరిగించుకున్నాను. నీళ్లపై తేలే చిట్టి ఆకుల డక్‌వీడ్ గురించి ఒక్క మాటే: ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. చేతి వెంట్రుకలకు అంటుకుని బకెట్‌లోకి, అక్కణ్ణుంచి మళ్లీ ట్యాంకులోకి వస్తుంది. మొక్కల వెంట వచ్చే చిన్న నత్తలతో టెన్షన్ అక్కర్లేదు, చేపలకు తిండి అతిగా వేస్తేనే అవి పెరుగుతాయి.

అసలు చిక్కు ఇంకోటి. మొక్కలు పిల్లల్ని మరీ బాగా కాపాడాయి. ఎనిమిది చేపలతో మొదలుపెడితే ఏడాదికి లెక్కపెట్టలేకపోయాను. మగవాటిని వేరే ట్యాంకులోకి మార్చా, అయినా ఆడవి నెలనెలా పెడుతూనే ఉన్నాయి. ఒకసారి జతకడితే ఆ వీర్యాన్ని కొన్ని నెలలు లోపల దాచుకుంటాయి. కాబట్టి పిల్లలు బతకాలని మొక్కలు పెట్టేవాళ్లు, బతికినవాటిని ఎక్కడ ఉంచాలో కూడా ముందే చూసుకోండి. నేను ఇప్పుడు మొక్కల్ని ఒక మూలకే పరిమితం చేశాను.

ఆదివారం కోసిన ముక్కల్ని చెరువులోనో కాలువలోనో వేయను, కుండీల్లో ఎరువు. అదీ వెంటనే కాదు. ట్యాంకు నీళ్లున్న బకెట్‌లో అరగంట ఉంచి, ఒక్కో ముక్కా దులుపుతాను. పోయిన వారం ఇక ఏమీ లేదనుకుని చివరి ముక్క దులిపితే, కనురెప్ప వెంట్రుకంత పిల్లలు మూడు, కళ్లు మాత్రమే కనబడుతూ, బయటికొచ్చాయి.