మూడేళ్లు వాడాక: 5 గిగాహెర్ట్జ్ అవుట్‌డోర్ లింక్

మా ఆఫీసుకీ గోడౌన్‌కీ మధ్య దూరం 1.2 కిలోమీటర్లు. మూడేళ్ల కింద వైరు లేకుండా రెండు చోట్ల నెట్‌వర్క్‌నీ కలపడానికి, రెండు చోట్లా డాబా మీద 5 గిగాహెర్ట్జ్ రేడియో డిష్‌లు పెట్టించాం. రేడియోల మీద పెద్ద ఫిర్యాదేమీ లేదు. ఎండకి ఎండాయి, వానకి తడిశాయి, ఇంకా పనిచేస్తున్నాయి. నన్ను ఏడిపించింది ఫ్రీక్వెన్సీయే.

బిగించినాయన ఛానెల్ (రేడియో వాడుకునే ఫ్రీక్వెన్సీ ముక్క) వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెట్టి, ఏ ఛానెల్ అన్నది రేడియోనే ఎంచుకునేలా ఆటోలో వదిలేసి వెళ్లాడు. స్పీడ్ టెస్ట్ చూసి మురిసిపోయాం. రాత్రి ఏడు దాటితే మాత్రం ఈ లింక్ మీద వచ్చే కెమెరాల్లో బొమ్మ ఆగిపోయేది. సిగ్నల్ చూస్తే మైనస్ 56 dBm (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ), అంటే ఏ లోటూ లేదు. అయినా డిష్ పక్కకి తిరిగిందేమోనని రెండు ఆదివారాలు నిచ్చెన మీదే గడిపాను.

చివరికి స్కాన్ చేస్తే దొంగ దొరికాడు. 5745 మెగాహెర్ట్జ్ దగ్గర ఆఫీసు వైపు నాయిస్, అంటే మనది కాని రేడియో గోల, మైనస్ 96. గోడౌన్ వైపు అదే చోట మైనస్ 78! ఆ డిష్ చూసే దిక్కులోనే ఇంకెవరిదో లింక్ ఉంది. పంపే చోట ఎంత నిశ్శబ్దంగా ఉంటే ఏం లాభం, గోలంతా వినే చోట ఉంటే? అప్పటిదాకా నేను ఆఫీసులో కూర్చుని ఒక్క వైపే స్కాన్ చేసేవాణ్ని, అదీ పగలు.

మధ్యలో కొన్నాళ్లు 5500 దగ్గరికి మారాను. అక్కడ గోల లేదు కానీ రాడార్ నిబంధన ఉంది. రాడార్ అనుమానం వస్తే చాలు, రేడియో ఛానెల్ వదిలేస్తుంది. అలాంటిదే ఇంకో ఛానెల్‌కి వెళితే 60 సెకన్లు విన్నాకే నోరు విప్పుతుంది. వారంలో రెండుసార్లు అలా లింక్ పోయేసరికి విసుగొచ్చింది.

ఇప్పుడు 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో 5825లో ఉన్నాను. వై-ఫై లెక్కలో ఈ పైభాగంలో 80 పెట్టుకున్నవాళ్లు 5735 నుంచి 5815 దాకా పరుచుకుంటారు, ఇది వాళ్లకి బయట మిగిలిపోయిన ముక్క. పైగా వెడల్పు నాలుగో వంతుకి తగ్గితే లోపలికొచ్చే నాయిస్ కూడా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. టెస్టులో అంకె చిన్నదైంది, బొమ్మ మాత్రం ఆగట్లేదు. ఏయే ఫ్రీక్వెన్సీలకి అనుమతి ఉందో దేశాన్ని బట్టి మారుతుంది, అది ముందే చూసుకోండి.

ఒక్క చికాకు మిగిలింది. ఈ రేడియోలో స్కాన్ నడుస్తున్నంతసేపూ లింక్ తెగిపోతుంది. అందుకే నెలకోసారి వాచ్‌మన్‌కి ఫోన్ చేసి, "పది నిమిషాలు కెమెరాలు రావు" అని చెప్పి, రాత్రి ఎనిమిదింటికి మొదలుపెడతాను.