కుటుంబ ఆర్థిక ప్రణాళిక మైనర్: మా ఇంటి నోట్ల దాకా వచ్చిన చదువు

డిగ్రీలో కుటుంబ ఆర్థిక ప్రణాళికను మైనర్‌గా, అంటే మేజర్‌కు తోడుగా చదివే రెండో సబ్జెక్టుగా, తీసుకోవచ్చా అని జూనియర్లు అడిగినప్పుడల్లా నేను తిరిగి ఒక్కటే అడుగుతాను: మీ దగ్గర కుటుంబ లెక్కల ప్రాజెక్టు నిజంగా చేయిస్తున్నారా? చేయిస్తుంటే కళ్లు మూసుకుని తీసుకోండి. నా మేజర్ కంప్యూటర్ సైన్స్. దాని వల్ల ఒంగోలులో ఉద్యోగం వచ్చింది, సంతోషమే. కానీ మా ఇంట్లో అప్పు కట్టే పద్ధతి మారింది మాత్రం ఈ మైనర్ వల్లే.

సిలబస్‌లో ఏముంటుందో అందరికీ తెలిసిందే: బడ్జెట్, పొదుపు, బీమా, పన్ను, రిటైర్మెంట్. వాటి సంగతి తర్వాత. ప్రాజెక్టు ఏమిటంటే, ఒక ఇంటి ఏడాది ఆదాయం, ఖర్చు, అప్పులు నెలవారీగా రాయాలి. నోటిమాటగా చెప్పింది కాదు, కాగితాలు చూసి రాయాలి. మా మేడమ్ ఆ విషయంలో ఖచ్చితంగా ఉండేవారు.

మాది కొండపి వైపు పల్లె. పొగాకు వేస్తాం, పచ్చాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ ఒకటి ఉంది. పన్నెండు నెలలకు పన్నెండు గళ్లు గీసి కూర్చుంటే, డబ్బు వచ్చే వరస సగానికి పైగా ఖాళీ. పొగాకు వేలం మొదలయ్యాక మాత్రమే అంకెలు కనపడతాయి. అవి కూడా బ్యాంకు పంట రుణం పట్టుకోగా మిగిలినవి. ఖర్చు వరసలో ఖాళీ గడి ఒక్కటీ లేదు. అక్టోబరు, నవంబరు నాట్లు, ఆ తర్వాత కూలీలు, బ్యారన్‌కు కట్టెలు, జూన్‌లో మా ఫీజులు. ఆ ఖాళీ గళ్లను ఏ డబ్బుతో నింపుతున్నామో రాయాలి కాబట్టి నాన్నను అప్పు కాగితాలు అడిగాను.

నాన్న ఇనప్పెట్టెలోంచి ఒక కవరు తీశారు. అందులో మూడు ప్రామిసరీ నోట్లు. మొదటి రెండూ అడ్డగీతలు కొట్టి వెనక్కిచ్చినవి, మూడోది జిరాక్స్. రెవెన్యూ స్టాంపు మీద మూడింటిలోనూ నాన్న సంతకమే. మొదటిది లక్ష రూపాయలకు, బ్యారన్ బాగుచేయించినప్పటిది. నూటికి నెలకు రెండు రూపాయలు. మూడేళ్లలో వడ్డీ 72,000 అయింది, కట్టలేకపోయారు, 1,72,000కు నోటు తిరగరాశారు. ఇంకో మూడేళ్లకు అది 2,95,840. నాన్న పైనున్న 45,840 చేతికిచ్చి, రెండున్నర లక్షలకు మూడో నోటు రాశారు.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగని నాన్నకు నేను చెప్పాల్సిన పనేమీ లేదు. ఆ లెక్క ఆయన నాకంటే వేగంగా నోటితోనే వేస్తారు. ఆయనెప్పుడూ చూడనిది మూడు నోట్లనూ పక్కపక్కన పెట్టి. నోటు తిరగరాయకుండా ఆరేళ్లూ బారువడ్డీయే నడిచి ఉంటే, 45,840 పోగా 1,98,160 ఉండేది. ఒక్కసారి వడ్డీని అసలులో కలిపినందుకు మా మీద అదనంగా పడింది 51,840. నాన్న ఆ అంకె కింద వేలు పెట్టి చాలాసేపు చూశారు. "తిరగరాయకపోతే నోటుకు కాలం చెల్లిపోతుంది కదమ్మా, ఇచ్చినవాడు ఊరుకుంటాడా?" అన్నారు.

ఈ ప్రశ్నకు క్లాసులో జవాబు దొరకడమే నాకు ఈ కోర్సులో దక్కిన అతిపెద్ద మేలు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం నోటు మీద దావా వేయడానికి మూడేళ్లే గడువు. ఊళ్లో తిరగరాసేది అందుకే. కానీ ఆ మూడేళ్లు నిండకముందే కొంత డబ్బు కట్టి, నోటు వెనక చెల్లు (ఫలానా తేదీన ఇంత కట్టామన్న రాత) రాసి, కట్టినవాళ్లు సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. ఇచ్చినవాళ్ల హక్కు ఎక్కడికీ పోదు. వడ్డీని అసలులో కలపాల్సిన అవసరమూ ఉండదు. చెల్లు సంగతి మా ఊళ్లో తెలియని వాళ్లు లేరు. ఏటా వేలం డబ్బు రాగానే వడ్డీకి చెల్లు వేయాలన్న పట్టుదలే మా ఇంట్లో లేదు.

అప్పిచ్చినాయన నాన్నకు బావ వరస. నాన్న వెళ్లి, "బావా, ఇక నోటు మార్చొద్దు, ఏటా వేలం అయ్యాక వడ్డీ కట్టి చెల్లు వేయిస్తా" అంటే ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఏటేటా చేతికి డబ్బు వస్తుందంటే ఎవరు కాదంటారు? అప్పటి నుంచి రెండు సీజన్లు మాట తప్పలేదు. అసలు రెండున్నర లక్షల దగ్గరే ఆగింది.

ఆగింది, అంతే. తగ్గలేదు. ఏడాదికి 60,000 వడ్డీ కడుతూనే ఉన్నాం. రేటు తగ్గించమని నాన్న అడగలేదు, నేనూ ఒత్తిడి చేయలేదు. అర్ధరాత్రి అమ్మను ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు కాగితం కూడా అడక్కుండా డబ్బిచ్చింది ఆయనే. ఈ కోణం పాఠాల్లో ఎక్కడా లేదు.

మిగతా పేపర్లన్నీ నెల జీతం వచ్చే ఇంటికి కుట్టిన చొక్కాలు. ప్రతి లెక్కా 'నెలకు యాభై వేలు' అని మొదలవుతుంది. అందులో సగం అవసరాలకు, ముప్పై శాతం కోరికలకు, ఇరవై శాతం పొదుపుకు అంటారు. మా గళ్లలో పొదుపు అన్న మాటకు చోటున్నది వేలం నెలల్లోనే. పన్ను మీద ఒక సెమిస్టరంతా చెప్పారు. వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు. ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో 2025-26 నుంచి ఏడాదికి పన్నెండు లక్షల దాకా పన్ను పడటం లేదు కాబట్టి, నా జీతానికీ ఆ పాఠంతో ఇప్పట్లో పని పడేలా లేదు.

బీమా పాఠం మాత్రం పనికొచ్చింది. అమ్మకు ఏడాదికి 436 రూపాయల ప్రధానమంత్రి జీవన జ్యోతి జీవిత బీమా కట్టించాను. నాన్నకు యాభై దాటాయి కాబట్టి అందులో చేరే వీల్లేదు, 20 రూపాయల ప్రమాద బీమాతో సరిపెట్టాం. రెండూ మే నెలాఖరులో ఖాతాలోంచి వాటంతటవే కట్ అవుతాయి. వేలం డబ్బు ఖాతాలో ఉండే రోజులు కాబట్టి ఆ టెన్షన్ కూడా లేదు.

మొదట్లో కళ్లు మూసుకుని తీసుకోమన్నాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. మా తర్వాతి బ్యాచ్‌కు మేడమ్ మారారు. ఇప్పుడు ప్రాజెక్టు అంటే ఊహించిన కుటుంబం పేరుతో ఒక ఫారం నింపడమేనట. అలాంటి చోట మా ఇంట్లో జరిగింది జరగదు. మీ నాన్నగారు అప్పు కాగితాలు మీ ముందు పెట్టే మనిషై ఉండాలి కూడా. చాలా ఇళ్లలో పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు, అవి చూపించరు. నా స్నేహితురాలు చూపించమని అడిగితే వాళ్లింట్లో పెద్ద గొడవే అయింది.

ఉద్యోగం కోసమైతే దీని మీద ఆశ పెట్టుకోకండి. మ్యూచువల్ ఫండ్లు అమ్మాలన్నా ఎన్‌ఐఎస్‌ఎం (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్) వాళ్ల ఐదు-ఏ పరీక్ష విడిగా పాసవ్వాలి, మైనర్ మార్కులు దానికి లెక్కలోకి రావు. మా తమ్ముడు ఈ ఏడాది డిగ్రీలో చేరుతున్నాడు. ఏ మైనర్ తీసుకోవాలో ఇంకా తేల్చుకోలేదు. ముందు ఆ కాలేజీకి వెళ్లి ప్రాజెక్టు ఎవరు చూస్తున్నారో కనుక్కుని రమ్మన్నాను.