సమీక్షల కోసం ఏ క్యూఆర్ కోడ్ మేలు? మా చీరల కొట్టులో వాడి చూసిన రెండు రకాలు

విజయనగరం గంటస్తంభం దగ్గర మాకు చీరల కొట్టు ఉంది. కొన్నవారి చేత గూగుల్‌లో అభిప్రాయం రాయించుకోవడానికి రెండు రకాల క్యూఆర్ కోడ్‌లు వాడి చూశాం. ఒకటి నెలనెలా చందా కట్టవలసిన డైనమిక్ కోడ్, రెండోది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో సమీక్షలు అడిగే చోట ఉచితంగా దొరికే కోడ్. మా బోటి కొట్టుకు రెండోదే సరిపోతుందన్నది నా అభిప్రాయం.

మొదటిదానికి మేము లొంగిపోవడానికి కారణం, దాన్ని అమ్మడానికి వచ్చిన అబ్బాయి ఫోన్‌లో చూపించిన లెక్కలు. ఏ రోజు, ఏ గంటకు, ఎంతమంది స్కాన్ చేశారో అందులో కనిపిస్తుంది. డైనమిక్ కోడ్ గళ్లలో మన లింకు ఉండదు. అమ్మిన సంస్థ సర్వర్‌కు వెళ్లే చిన్న చిరునామా ఉంటుంది, అక్కడి నుంచి మన పేజీకి మళ్లిస్తారు. కాబట్టి అచ్చు వేయించిన తరువాత కూడా లింకు మార్చుకోవచ్చు. అయితే ఆ మళ్లింపు ఆపేసే అధికారం కూడా వారి చేతిలోనే ఉంటుంది. ఉచిత గడువు ముగిసిందని వచ్చిన ఈమెయిల్‌ను మా ఇంట్లో ఎవరూ చూడలేదు. పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమానోత్సవానికి ముందురోజైన తొలేళ్ల నాడు, పల్లెల నుంచి వచ్చిన జనంతో కొట్టు కిటకిటలాడుతున్న వేళ, కార్డు స్కాన్ చేసిన వారికల్లా ఈ కోడ్ పనిచేయడం లేదని ఇంగ్లీషులో కనిపించింది. అచ్చయిన 500 కార్డులు పారేయడానికి మనసొప్పక రెండు నెలలు చందా కట్టాం.

నిజానికి సమీక్ష లింకు మాటిమాటికీ మారేది కాదు. మారని లింకుకు, మార్చుకునే సౌకర్యం కోసం నెలనెలా డబ్బు కట్టడం దండగ. రోజూ ధరలు మారే హోటల్ మెనూకో, ఏ శాఖలో ఎందరు స్కాన్ చేశారో తెలుసుకోవాలనుకునే పెద్ద దుకాణాలకో అది పనికొస్తుంది. అదే సేవలో నాకు నచ్చని ఏర్పాటు మరొకటి ఉంది: ముందు నక్షత్రాలు అడిగి, నాలుగు, ఐదు ఇచ్చినవారినే గూగుల్‌కు పంపి, తక్కువ ఇచ్చినవారిని లోపాయికారీ ఫారానికి తిప్పుతారు. గూగుల్ నిబంధనలు దీన్ని ఒప్పుకోవు. సమీక్షకు బదులుగా తగ్గింపు ఇవ్వడాన్ని కూడా ఒప్పుకోవు.

గూగుల్ ఇచ్చే లింకు చిన్నది కావడం వల్ల మరో మేలు ఉంది. మధ్యరకం దోష సవరణతో (కోడ్‌లో కొంత భాగం చెడినా చదవగలిగేలా చేసే ఏర్పాటు ఇది) సుమారు 40 అక్షరాల లింకు 29×29 గళ్లలో ఇమిడిపోతుంది; మ్యాప్స్ నుంచి కాపీ చేసిన నూరు అక్షరాల లింకుకు 41×41 గళ్లు కావాలి. అదే కార్డులో గళ్లు ఎక్కువైతే ఒక్కొక్కటీ చిన్నదవుతుంది; గళ్లు చిన్నవైన కొద్దీ పాత ఫోన్ కెమెరాలు తడబడతాయి. మధ్యలో కొట్టు గుర్తు పెట్టాలనుకుంటే సుమారు 30 శాతం చెడినా చదవగలిగే అత్యధిక దోష సవరణను ఎంచుకోవాలి, చుట్టూ నాలుగు గళ్ల వెడల్పున ఖాళీ వదలాలి. పెళ్లిపత్రికలు వేసే ప్రెస్‌వారు మా మొదటి కార్డును ముచ్చటపడి కుంకుమ రంగు మీద బంగారు గీతలతో వేశారు. చూడటానికి బాగుంది గానీ, లామినేషన్ మీద ట్యూబ్‌లైటు పడితే ఏ ఫోనూ చదవలేదు. ఇప్పుడు మెరుపు లేని తెల్లకాగితం మీద నల్లటి కోడ్, మూడు సెంటీమీటర్ల వెడల్పు. గోడ మీద అంటించి రెండు మీటర్ల దూరం నుంచి స్కాన్ చేయించాలంటే సుమారు 20 సెంటీమీటర్లు ఉండాలి.

కొత్త కోడ్‌తో వచ్చిన చిక్కు ఒక్కటే, అదీ మా పొరపాటే. దాన్ని గల్లాపెట్టె మీద యూపీఐ కోడ్ పక్కనే నిలబెట్టాం. ఒక పెద్దావిడ డబ్బులు కట్టే యాప్ తెరిచి రెండుమూడుసార్లు దాని మీదే పట్టి, "ఇది తీసుకోట్నేదు బాబూ, డబ్బులొద్దా మీకు?" అన్నారు. ఆ సాయంత్రమే కార్డును చీరలు మడిచి సంచిలో పెట్టే బల్ల మీదికి మార్చి, పైన లావు అక్షరాలతో "ఇది డబ్బులకు కాదు, చీర ఎలా ఉందో రాయడానికి" అని తెలుగులో రాయించాం.